సినిమాహాలు పుట్టుపూర్వోత్తరములు

1921వ సంవత్సరమున బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా అను పేర ఒక హాలు నెలకొల్పెను. ఆంధ్రదేశములో చలనచిత్ర ప్రదర్శనకై ఏర్పడిన మొదటి శాశ్వతశాల ఇదియే అని సినిమాచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. అంతకుముందు కదలుబొమ్మలు చూపువారు సంచారులు. యంత్రమును పెట్టెలో పెట్టుకొని రైలెక్కి వచ్చి, నాటకశాలనో, ఖాళీ గిడ్డంగినో అద్దెకు తీసుకొని, నాలుగు రోజులు చూపి, మరియొక ఊరికి పోయెడివారు. బొమ్మకు సొంత ఇల్లు ఏర్పడుట, ఆ ఇంటికి గోడలు, దీపము, తెర, తలుపులు ఎట్లుండవలెనో నిర్ణయమగుట అరువదియేండ్ల కథ. ఆ కథలో సినిమాతారల పాత్ర తక్కువ. కాంతి, ధ్వని, అగ్ని అను మూడింటి పాత్ర ఎక్కువ.

లూమియేరు సోదరులు 1895 డిసెంబరు 28న పారిసు నగరమందు ఒక కాఫీశాల నేలమాళిగలో టిక్కెట్టు పెట్టి తమ చిత్రములను చూపిరి. ఏడు మాసములు నిండకముందే, 1896 జూలై 7న, అవే చిత్రములు బొంబాయిలోని వాట్సను హోటలులో ప్రదర్శింపబడెను. అంత త్వరగా ఖండాంతరము దాటుటకు కారణము లూమియేరుల యంత్రము చాల చిన్నదగుటయే. అదియే కెమేరా, అదియే ముద్రణయంత్రము, వెనుక దీపము పెట్టినచో అదియే ప్రదర్శనయంత్రము. చేతితో త్రిప్పిన చాలును, నడపుటకు విద్యుచ్ఛక్తి అక్కరలేదు.

తెలుగువారిలో ఈ వృత్తికి ఆద్యుడు రఘుపతి వెంకయ్య. మచిలీపట్నపువాడు, మద్రాసులో ఛాయాచిత్రశాల నడిపినవాడు. ఫ్రాన్సు దేశపు గోమో కంపెనీవారి క్రోనోమెగాఫోను అను యంత్రమును 1910 ప్రాంతమున తెప్పించెను. దానికి 30,000 రూపాయలు వ్యయమైనట్లు చెప్పుదురు. ఆ దినములలో అది ఒక కుటుంబపు ఆస్తి. ఈ యంత్రములో మాట ఫిల్ముపై ఉండదు. గ్రామఫోను పళ్లెముపై ఉండును. బొమ్మ త్రిప్పు యంత్రమును, పళ్లెమును ఒకే వేగమున తిరుగునట్లు జతపరచి, శబ్దమును ఒత్తిడిగల గాలి సాయముతో పెద్దది చేసెడివారు. ఒక్కొక్క చిత్రము కొలది నిమిషములు మాత్రమే. వెంకయ్య దీనిని మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో చూపి, పిదప దక్షిణదేశమందును, సింహళము, బర్మాలందును త్రిప్పెను. 1914 ప్రాంతమున మద్రాసులో గెయిటీ అను సినిమాహాలు కట్టించెను. ఆ తరువాత క్రౌను, గ్లోబు అను హాళ్లు వెలసినవి. కొడుకు ప్రకాశును విదేశములకు పంపి ఈ విద్య నేర్పించెను. అతడు తీసిన భీష్మప్రతిజ్ఞ (1921) తెలుగువారి మొదటి మూకీ చిత్రముగా లెక్కింపబడుచున్నది. చిత్రము తీయుటకంటె ముందే చూపుచోటు కట్టవలెనని గ్రహించినవాడు వెంకయ్య. ఆయనను సినిమా పితామహుడనుటలో ఈ అంశము సాధారణముగా మరుగున పడుచుండును.

మూకీలనాటి హాలు నిశ్శబ్దముగా ఉండెడిదని తలంపరాదు. యంత్రపు టకటక ఒకవైపు, తెరప్రక్క హార్మోనియము, తబలా మరియొకవైపు. చదువు రానివారి కొరకు ఒక వ్యాఖ్యాత కర్ర పట్టుకొని తెరప్రక్క నిలిచి, వచ్చుచున్నది ఎవరో, జరుగుచున్నది ఏమో గొంతెత్తి చెప్పెడివాడు. తెరపై అప్పుడప్పుడు వచ్చు అక్షరముల అట్టలను చదివి వినిపించుటయు అతని పనియే. మంచి వ్యాఖ్యాత ఉన్న హాలునకే జనము పోవుటయు కలదు.

తెరపై బొమ్మ కదలుట ఎట్లు? ఫిల్ముపై ఉన్నవి కదలని బొమ్మలే. మూకీలలో సెకనుకు సుమారు 16, టాకీలలో 24. ఫిల్ము సాఫీగా జారుచున్నచో తెరపై అలికినట్లు కనబడును. కావున ప్రతి బొమ్మయు కటకము వెనుక ఒక క్షణము ఆగి, మరల చప్పున దిగవలెను. ఈ ఆగి దుముకు నడకను కల్పించునది మాల్టా శిలువ అను నాలుగు చీలికల చక్రము. దానిని త్రిప్పు చక్రమునకు ఒక మేకు ఉండును. మేకు చీలికలో దూరినపుడు శిలువ పావుచుట్టు తిరిగి ఫిల్మును ఒక బొమ్మ మేర దించును. మిగిలిన ముప్పాతిక కాలము అది కదలక నిలుచును. బొమ్మ దిగుచున్నంతసేపు కాంతిని ఒక రెక్క మూసివేయును. ఆ రెక్క ఒక్కటే ఉన్నచో సెకనుకు 24 మార్లు వెలుగు ఆరి కన్నులకు మినుకుమినుకుమనును. అందుచే రెండవ రెక్కను చేర్చి, నిలిచియున్న బొమ్మను గూడ ఒకమారు కప్పి తెరుతురు. అప్పుడు 48 మెరుపులగును. కన్ను వానిని విడదీసి చూడజాలదు. ఇందువలన సగము వెలుగు వ్యర్థమగును. అయినను వేరు మార్గము లేకపోయెను.

పాఠ్యపుస్తకములలో ఈ కదలికకు 'దృష్టినిలకడ' ఒక్కటే కారణమని వ్రాయుదురు. ఇది సగము సత్యము. కంటిపై ముద్ర కొంతసేపు నిలుచుటవలన మినుకు మాయమగును. అంతేకాని, కదలిక కల్పించునది మెదడు. ఒక చోట వెలిగి ఆరిన దీపము, వెంటనే కొంచెము దూరమున మరల వెలిగినచో, ఒకే దీపము నడచినట్లు మనస్సునకు తోచునని 1912లో మాక్స్ వెర్తైమరు ప్రయోగపూర్వకముగా వివరించెను. ఉపాధ్యాయులు తరగతిలో ఈ రెండింటిని వేరుచేసి చెప్పుట మంచిది. చోకు గల పాత ట్యూబులైటు క్రింద పెన్సిలును వేగముగా ఊపించినచో, ఒక్క పెన్సిలు పలు పెన్సిళ్లుగా విడివిడిగా కనబడును. ఆ దీపము సెకనుకు 100 మార్లు మినుకుచుండుటయే దానికి హేతువు.

ఇక దీపము సంగతి. సుమారు తపాలాబిళ్లంత బొమ్మను 20 అడుగుల తెరపై పరచవలెను. తెర వెడల్పు రెట్టింపైన వైశాల్యము నాలుగు రెట్లగును, కావున వెలుగు నాలుగవవంతగును. మామూలు బల్బులు ఇందుకు చాలవు. పందొమ్మిదవ శతాబ్ద్యారంభమున హంఫ్రీ డేవీ ప్రదర్శించిన ఆర్కు దీపమే సినిమాకు దిక్కైనది. రెండు కార్బను కడ్డీలను తాకించి, కొంచెము ఎడము చేసినచో నడుమ విద్యుత్తు చాపముగా దుముకును. ధనధ్రువపు కడ్డీ కొనయందు గుంట పడి, అచట ఉష్ణోగ్రత సుమారు 3,500 సెంటిగ్రేడు డిగ్రీలు దాటును. ఆ గుంటలోని తెలుపు వెలుగును పుటాకార దర్పణము పోగుచేసి ఫిల్ముపైకి పంపును. కడ్డీలు కరిగిపోవు కొలది ఎడము పెరుగును. పెరిగినచో దీపము ఆరును, తగ్గినచో తెర పసుపుబారును. అందుచే ఆపరేటరు నల్లద్దములోనుండి చాపమును చూచుచు, మరను కొంచెము కొంచెముగా త్రిప్పుచునే ఉండవలెను. తెరపై రాక్షసుడు వచ్చినను, నాయిక పాడినను అతని చూపు కార్బనుమీదనే. వేసవిలో ఆ ఇరుకుగది, ఆ పొగ, ఆ వేడి తలచుకొన్నచో, సినిమాహాలులో మిక్కిలి కష్టపడి తక్కువ గుర్తింపు పొందినవాడు ఇతడే అనవలెను.

కష్టము మాత్రమే కాదు, ప్రాణాపాయమును కలదు. ఆనాటి ఫిల్ము నైట్రోసెల్యులోజుతో చేయబడినది. ప్రత్తిని నత్రికామ్లము, గంధకికామ్లముల మిశ్రమముతో కలిపి, కర్పూరము చేర్చి దీనిని తయారుచేయుదురు. నత్రికామ్లము పాలు ఇంకను హెచ్చించినచో అదే ప్రత్తి తుపాకిమందగును. ఫిల్మునకును తుపాకిమందునకును ఉన్న చుట్టరికము ఇంత దగ్గరిది. మండుటకు కావలసిన ఆమ్లజని దాని అణువులలోనే ఉండుటచే, గాలి తగులనీయకున్నను మండును, నీట ముంచినను మండును, ఇసుక పోసినను మండును. పైగా విషవాయువులగు నత్రజని ఆక్సైడులు వెలువడును. ఇట్టి పదార్థమును 3,500 డిగ్రీల దీపమునకు ఎదుట నడపిరి. ఫిల్ము పరుగెత్తుచున్నంతవరకు చిక్కులేదు, ఒక్కొక్క బొమ్మ వేడి తగులు కాలము సెకనులో చిన్నభాగమే. తెగి ఆగిపోయినచో కొలది క్షణములలో నిప్పంటుకొనును.

1897లో పారిసునందు ధర్మార్థము జరిగిన ఒక సంతలో సినిమా యంత్రపు ఈథరు దీపమువలన మంట లేచి సుమారు 126 మంది మరణించిరి. అచట కాలినది ఫిల్ము కంటె ముందు ఈథరు. కాని సినిమా అనగానే నిప్పు అను భయము ప్రపంచమంతట పాతుకొనెను. ఇంగ్లండులో 1909లో సినిమాటోగ్రాఫు చట్టము వచ్చినది. మన దేశములో 1918లో వచ్చినది. సినిమాచట్టము అనగా నేడు సెన్సారు అని తలంతురు. కాని ఆ చట్టములు ముఖ్యముగా అగ్నిభయముతో పుట్టినవే. యంత్రమును ప్రేక్షకులనుండి వేరుగా మంటలాగు గదిలో ఉంచవలెను, గదిగోడలోని చిన్నకిటికీలకు వెంటనే పడిపోవు మూతలు ఉండవలెను, తలుపులు వెలుపలికి తెరచుకొనవలెను అను నియమములు ఇట్లు స్థిరపడినవి. పాతహాళ్లలో ఎత్తుగా, పిట్టగూడువలె, ప్రత్యేకపు మెట్లతో కనబడు ఆపరేటరు గది అందము కొరకు కట్టినది కాదు. నైట్రేటు ఫిల్ము భయము ఇటుకరూపము దాల్చినదే అది.

ఆ భయము నిరాధారము కాదని తెలుగుగడ్డపైననే తేలినది. 1936లో హైదరాబాదు సుల్తాను బజారు ప్రాంతమందలి మోతీమహలు సినిమాహాలులో మంటలు రేగి, చిత్రము చూడవచ్చిన స్త్రీలును పిల్లలును మరణించిరి. 1950ల ఆరంభమున ఈస్టుమన్ కోడాక్ కంపెనీ నైట్రేటు ఫిల్ము తయారీని మానివేసి, ఎసిటేటు ఫిల్మునకు మారినది. ఇది తగులబడినను మెల్లగా కాలును. అయినను ప్రమాదము తొలగిపోలేదు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో 59 మంది మరణించిరి. అచట ఫిల్ము కాలలేదు. క్రింద ట్రాన్సుఫార్మరు అంటుకొని పొగ పైకెక్కినది. బయటికి పోవు దారిలో అదనపు కుర్చీలు వేసి మూసివేసియుండుటచే బాల్కనీవారు ఊపిరాడక చనిపోయిరి. 1918 చట్టము చేసినవారికి తెలిసినదియు, 1997లో హాలు నడపినవారు మరచినదియు తలుపు సంగతియే.

మాట వచ్చినది. 1931 మార్చి 14న బొంబాయి మెజస్టికు హాలులో ఆలం ఆరా విడుదలైనది. అదే సంవత్సరము అక్టోబరు 31న మద్రాసు కినీమా సెంట్రలులో కాళిదాసు విడుదలైనది. అందులో తమిళముతోబాటు తెలుగుమాటలును పాటలును వినబడెను. ఈ చిత్రమునకు దర్శకుడైన హెచ్.ఎం.రెడ్డియే పూర్తి తెలుగు టాకీయగు భక్తప్రహ్లాదను తీసెను. ఇకమీదట హాళ్ల పేర్లే మారిపోయినవి. బెజవాడలో మారుతీ టాకీసు, లక్ష్మీ టాకీసు, సరస్వతీ టాకీసు. మాటలాడు చిత్రమునకు చెందిన ఇంగ్లీషు మాట తెలుగులో హాలునకే పేరై కూర్చున్నది. మూకీల కాలము జ్ఞాపకమున్నవారు పోయిన పిమ్మటగూడ ఆ పేరు పోలేదు.

టాకీలో ధ్వని ఫిల్ము అంచున సన్నని పట్టీగా ముద్రింపబడును. పట్టీలోని నలుపు తెలుపులగుండ ఒక సన్నని కాంతిరేఖ పోవును. ఆవలివైపు ఫోటోసెల్లుపై పడు వెలుగు హెచ్చుతగ్గులు విద్యుత్తు హెచ్చుతగ్గులుగా మారి, ధ్వనివర్ధకములకు చేరును. ఇచట ఒక చిక్కున్నది. బొమ్మ ఆగి ఆగి నడువవలెను. ధ్వనిపట్టీ ఆగినచో మాట తునకలగును. కావున ధ్వనిని బొమ్మ వద్ద కాక, ఫిల్ము సాఫీగా నడచు మరియొక చోట చదువవలెను. ఆ దూరమునకు సరిపడునట్లు మాటను దాని బొమ్మకంటె సుమారు 20 బొమ్మల ముందుగా, అనగా 15 అంగుళముల ముందుగా, ముద్రించిరి. ఫిల్ము తెగినపుడు ఆపరేటరు నాలుగు బొమ్మలు కత్తిరించి అతికించిన చోట మాట ఒకచోట, అతుకు మరియొకచోట గంతు వేయుట ఇందువలననే. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. తెరకు 28 మీటర్ల దూరమున కూర్చున్నవానికి మాట సెకనులో పండ్రెండవవంతు ఆలస్యముగా, అనగా రెండు బొమ్మల వెనుక, వినబడును. చివరి వరుసవారు పెదవులకు మాట కలియలేదని అనుటలో కొంత న్యాయమున్నది.

పాతహాళ్లకు ధ్వని తెచ్చిన అసలు ఆపద గోడలవలన వచ్చినది. మూకీలకును, నాటకములకును కట్టిన శాలలు సున్నపుగోడలు, గచ్చునేల, రేకుకప్పు గలవి. ఇవి శబ్దమును పీల్చుకొనవు, తిరుగగొట్టును. ఒకమాట చావకముందే మరుమాట వచ్చి దానిపై పడును. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాలెసు సబీను 1895 నుండి ఈ సమస్యను పరిశోధించెను. అతనికి అప్పగింపబడిన ఉపన్యాసశాలలో పలికిన మాట ఐదు సెకనులకు పైగా మ్రోగుచుండెను. రాత్రులందు నాటకశాలనుండి మెత్తలు మోసికొని వచ్చి, వానిని బల్లలపై పరచుచు, ఆర్గను గొట్టము ఊదుచు, ఎన్ని మెత్తలకు మ్రోత ఎంత తగ్గునో కొలిచెను. అతడు కనుగొన్న సూత్రము చాల సులభము. హాలు ఘనపరిమాణమును ఘనమీటర్లలో తీసికొని 0.161తో గుణించి, శబ్దమును పీల్చు మొత్తము సామర్థ్యముతో భాగించినచో ప్రతినాదకాలము సెకనులలో వచ్చును.

ఒక ఊహాశాలను తీసికొందము. పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 10 మీటర్లు. ఘనపరిమాణము 6,000 ఘనమీటర్లు. గోడలు, నేల, చెక్కకుర్చీలు కలిసి 240 చదరపు మీటర్ల తెరచిన కిటికీతో సమానముగా శబ్దమును పీల్చునని అనుకొందము. ప్రతినాదకాలము సుమారు 4 సెకనులు. మాట ముద్దయగును. ఇప్పుడు 800 మంది వచ్చి కూర్చుండిరి. ఒక్కొక్క మనిషి బట్టలతో కూడ 0.45 చదరపు మీటరు చొప్పున పీల్చినచో 360 చదరపు మీటర్లు చేరును. మొత్తము 600. ప్రతినాదకాలము 1.6 సెకనులకు దిగును. జనము నిండిన హాలులో సంభాషణ స్పష్టముగాను, ఖాళీహాలులో కంచుగిన్నెలో పలికినట్లును ఉండుట అందరికిని తెలిసినదే. నిండినహాలులో చిత్రము బాగుండుననునది ఉత్సాహమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. టాకీల కాలమున హాళ్ల గోడలకు కొబ్బరిపీచు పలకలు, గోనెగుడ్డలు, తరువాత చిల్లులుగల మెత్తని అట్టలు కొట్టుట ఈ లెక్క ఫలితమే. తెరకును సన్నని రంధ్రములు పడినవి. ధ్వనివర్ధకములు తెర వెనుక ఉండవలెను గదా, మాట పాత్ర నోటినుండి వచ్చినట్లు వినబడుటకు.

నగరములలో ఇంత తంటాలు పడుచుండగా పల్లెలలో సమస్య దానంతట అదే తీరినది. డేరాకు గోడలు లేవు. గుడ్డ శబ్దమును వెలుపలికి పోనిచ్చును. మట్టినేల, దానిపై కూర్చున్న జనము శబ్దమును పీల్చుకొందురు. ధ్వనిశాస్త్రము దృష్ట్యా టూరింగు టాకీసు చాల మంచి హాలు. చిక్కంతయు దాని బయట ఉన్నది. డీజిలు ఇంజను రొద, వాన, కుక్కలు.

బెజవాడకు ఉత్తరముగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్న తిరువూరు వంటి మెట్టప్రాంతపు ఊళ్లకు సినిమా రెండవ విడతగానో, మూడవ విడతగానో చేరుచుండెను. ఆంధ్రప్రాంతమునకు చిత్రములను పంచువారి కార్యాలయములు విజయవాడ గాంధీనగరములో ఉండెను. ఒక చిత్రమునకు ప్రతులు కొద్ది. అవి మొదట నగరములలో, పిదప పట్టణములలో, చివరకు చిన్న ఊళ్లలోను, డేరాలలోను తిరుగును. ఆ చివరి మజిలీకి వచ్చునప్పటికి తెరపై వాన కురియుచున్నట్లు గీతలు. ఈ గీతలు ఎల్లపుడు నిలువుగానే ఎందుకుండును? ఫిల్ము యంత్రములో నిలువుగా పరుగెత్తును. దానికి అడ్డుపడిన ఇసుకరేణువు గీచుగీత ఫిల్ము నడుచు దిశలోనే సాగును. ఒకే గీత వందల బొమ్మలగుండ పోవుటచే తెరపై కదలుచున్న తీగవలె కనబడును. ఆ సందులలో మురికి చేరి నల్లబడును. ఒక చిత్రము ఎన్ని హాళ్లు త్రొక్కి వచ్చినదో దాని వానను చూచి చెప్పగల ప్రేక్షకులు ఉండిరి.

డేరాలో చాలచోట్ల ఒక్కటే యంత్రము. ఫిల్ము నిమిషమునకు 90 అడుగులు నడచును. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషములు. మూడు గంటల పౌరాణికము 16,000 అడుగులు మించును. చుట్ట ముగిసినపుడెల్ల దీపములు వెలిగించి, క్రొత్తచుట్ట ఎక్కించువరకు జనము సోడాలు త్రాగుచు, ప్రక్కవారితో కథను సవరించుకొనుచు ఉండెడివారు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. నేల టిక్కెట్టువాడు తన ముందు ఇసుకను కుప్పగా పోసికొని ఎత్తుపీట చేసికొనుట, వెనుకవాడు తగవులాడుట మామూలు. పట్టణపు హాళ్లలో రెండు యంత్రములు ఉండుటచే ఆట తెగదు. మొదటి చుట్ట ముగియబోవుచుండగా తెర కుడివైపు పైమూలలో ఒక చుక్క మెరయును. అది చూచి ఆపరేటరు రెండవ యంత్రమును నడుపును. సుమారు ఏడు సెకనులకు మరియొక చుక్క. అపుడు దీనిని మూసి దానిని తెరచును. పాతచిత్రములను నేడు టెలివిజనులో చూచువారు ఈ చుక్కలను ఇప్పటికిని కనుగొనవచ్చును.

స్వాతంత్ర్యానంతరము ముప్పది నలువదియేండ్లు తెలుగుదేశమున సినిమాహాళ్లకు ఉచ్ఛదశ. రాష్ట్రచట్టము 1955లో వచ్చినది, దానిక్రింద 1970లో వివరమైన నిబంధనలు వచ్చినవి. కుర్చీకి కుర్చీకి నడుమ దూరము మొదలు టూరింగు డేరాల వరకు అన్నియు అందులో లెక్కింపబడినవి. 1963లో లవకుశ విడుదలైనపుడు పల్లెలనుండి ఎడ్లబండ్లు కట్టుకొని హాళ్లకు జనము వచ్చిరి. హాళ్ల నిర్మాతలు బాల్కనీలు, స్తంభములు లేని విశాలమైన కప్పులు, పాలరాతి మెట్లు, రంగుదీపముల వసారాలు ఏర్పరచిరి. అమెరికాలో 1927లో కట్టిన రాక్సీ థియేటరులో దాదాపు 6,000 మంది కూర్చుండెడివారు. మన హాళ్లు అంతటివి కావు. కాని చుట్టుప్రక్కల పెంకుటిండ్ల నడుమ అవి రాజమందిరములే. సామాన్యుడు రూపాయిలోపు ధరతో మూడుగంటలు పంకాక్రింద కూర్చుండుటకు హక్కు పొందిన మొదటి మేడ అదియే.

పంకా మాట వచ్చినది. కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల వేడిని వెలువరించును. 800 మంది 80 కిలోవాట్లు. అనగా తలుపులు మూసిన హాలులో ఒక్కొక్క కిలోవాటు గల విద్యుత్పొయ్యిలు ఎనుబది వెలిగించినట్లు. న్యూయార్కులో 1925లో రివోలీ థియేటరువారు క్యారియరు శీతలయంత్రము పెట్టి వేసవిలో జనమును రప్పించిరి. అచట చాలమంది చల్లనిగాలి కొరకే సినిమాకు పోయిరని చెప్పుదురు. బెజవాడ ఎండలలో ఈ ఉపాయము అంతకంటె అవసరము. కాని ఖర్చువలన మన హాళ్లు చాలకాలము పంకాలతోను, గోడపై అమర్చిన గాలిమరలతోను సరిపెట్టుకొన్నవి.

తెరలు వెడల్పగుట మరియొక ముచ్చట. టెలివిజను పోటీకి తాళలేక అమెరికా చిత్రనిర్మాతలు 1953లో సినిమాస్కోపు తెచ్చిరి. కెమేరా కటకము దృశ్యమును అడ్డముగా సగమునకు నొక్కి ఫిల్ముపై ముద్రించును. హాలులోని కటకము దానిని మరల సాగదీయును. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రము 1974 నాటి అల్లూరి సీతారామరాజు. అయితే పాతహాళ్లలో తెర వెడల్పును స్తంభములు నిర్ణయించినవి. 20 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తుగల తెరపై స్కోపు చిత్రము వేసినచో వెడల్పు పెరగదు. ఎత్తు ఎనిమిదిన్నర అడుగులకు తగ్గును. 300 చదరపు అడుగుల బొమ్మ 170 అగును. పెద్దతెర యని ప్రకటించి చిన్నబొమ్మ చూపిన హాళ్లు అనేకములు. గోడలు పగులగొట్టి తెర పెంచినవారు నిలిచిరి. 1986లో సింహాసనముతో 70 మిల్లీమీటర్ల తెలుగు చిత్రము వచ్చినపుడు, ఆ హంగు ఉండుటయే హాలు పేరులో భాగమైనది.

పిమ్మట జరిగినది వేగముగా జరిగినది. టెలివిజను, వీడియో, అంతట భూమి ధరలు. ఊరి నడుమ ఎకరము స్థలములో రోజుకు నాలుగాటలు ఆడు ఒక్కతెర ఆ భూమి విలువకు వడ్డీయైనను తేలేకపోయెను. పెక్కు హాళ్లు కల్యాణమండపములైనవి, గిడ్డంగులైనవి, అంగళ్లైనవి. విజయవాడలో ఊర్వశి వంటివి పలుతెరల సముదాయములుగా మారినవి. ఆర్కు దీపము స్థానమున గ్జెనాను దీపము వచ్చెను. 2005 తరువాత ఫిల్ము స్థానమున అంకెలరూపపు చిత్రము ఉపగ్రహముద్వారా దిగసాగెను. 2013లో ఫ్యూజీ కంపెనీ సినిమాఫిల్ము తయారీని చాలవరకు విరమించెను. గీతల వాన ఆగిపోయినది. తిరువూరులో గాని, హైదరాబాదులో గాని చిత్రము ఒకేరోజున, ఒకే స్వచ్ఛతతో వేయుట సాధ్యమైనది. ఇది చిన్న ఊళ్లకు జరిగిన న్యాయమే. హాళ్లు పోవుచున్నవని విచారించువారు దీనిని విస్మరింపరాదు. 2019లో నెల్లూరు ప్రాంతమున సూళ్లూరుపేట వద్ద సుమారు 100 అడుగుల వెడల్పు తెరతో ఒక హాలు తెరచినారు. పెద్దతెరపై మోజు చిన్న ఊరిలోను ఉండగలదని అది తెలుపుచున్నది.

తిరిగిరానివి చిత్రములు. మూకీల ప్రతులలో వెండి ఉండెను. బొమ్మను నల్లగా నిలుపునది వెండి రేణువులే. టాకీలు వచ్చి మూకీలకు విలువ పోయిన వెంటనే వెండి కొరకు వానిని కడిగిరి. మిగిలిన సెల్యులాయిడును గాజులకును, సంచులకును అమ్మిరి. నైట్రేటు తనంతట తానే కుళ్లి జిగురై, పొడియై పోవును. దానికి బదులుగా వచ్చిన ఎసిటేటు తేమలో ఎసిటికామ్లము విడిచి వెనిగారు వాసన కొట్టును. ఒక చుట్టకు ఈ తెగులు పట్టిన, ఆ ఆవిరి ప్రక్కచుట్టలకు అంటించును. మనదేశపు మూకీలలో మిగిలినవి కొన్ని పదులు మాత్రమే. దక్షిణదేశపు మూకీలలో చెప్పుకొనదగినట్లు నిలిచినది 1933 నాటి మార్తాండవర్మ. రఘుపతి ప్రకాశు తీసిన భీష్మప్రతిజ్ఞ లేదు. భక్తప్రహ్లాద లేదు.

ప్రతి లేకపోవుటవలన కలుగు నష్టము ఎట్టిదో భక్తప్రహ్లాద చెప్పును. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని దశాబ్దములపాటు పుస్తకములలో వ్రాసిరి, పండుగలు జరిపిరి. ఫిల్ము ఉన్నచో దాని మొదట సెన్సారు ధ్రువపత్రమే తేదీ చెప్పెడిది. అది లేదు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి సెన్సారు వివరములను, పత్రికలలోని ప్రకటనలను వెదకి, సెన్సారు 1932 జనవరి 22న, విడుదల 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాహాలులో జరిగినవని చూపెను. నటుల ముఖములు, వారి గొంతులు పలికిన వేలాది అడుగుల ఫిల్ములో ఒక్క అడుగైనను దొరకలేదు. తేదీ దొరికినది నలుపు సిరాతో అచ్చైన హాలు ప్రకటనలో.